‘రన్ టు యూ’: ‘బాడీగార్డ్’ ఆల్బమ్‌లో నాలుగో పాట

ప్రశ్న: “‘ది బాడీగార్డ్’ అనగానే అందరూ ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ గురించే మాట్లాడతారు. అదే ఆల్బమ్‌లో విట్నీ హ్యూస్టన్ పాడిన విరహగీతం ఇంకొకటి ఉందని, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదని విన్నాను. ఏది ఆ పాట? అంత మంచిదైతే ఎందుకు వెనకబడింది? మా అమ్మాయి కాలేజీ పోటీలో పాడతానంటోంది. పాడగలదంటారా?”

జవాబు:

మీరు అడుగుతున్నది ‘రన్ టు యూ’. ‘ది బాడీగార్డ్’ సినిమా పాటల ఆల్బమ్‌లో నాలుగో పాట. ముందో జాగ్రత్త చెబుతాను. ఈ పేరు కొట్టి వెతికితే బ్రయాన్ ఆడమ్స్ 1984 నాటి రాక్ పాట కూడా వస్తుంది. పేరు ఒకటే తప్ప రెండింటికీ ఏ సంబంధమూ లేదు. గిటార్ మోతతో మొదలైతే అది వేరేదని గుర్తుపెట్టుకోండి. కరావోకె ట్రాక్ దించుకునే ముందు పక్కన విట్నీ పేరు ఉందో లేదో మీ అమ్మాయిని చూసుకోమనండి. ఇది నవ్వులాటకి చెప్పడం లేదు. తప్పు ట్రాక్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్టేజి దాకా వచ్చేసిన పిల్లల్ని చూశాను.

నేను చాలాకాలం ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించి, ఇప్పుడు సికింద్రాబాదులో పిల్లలకి వెస్టర్న్ వోకల్ నేర్పిస్తున్నాను. కాబట్టి నా జవాబు సగం అభిమానిది, సగం మేష్టారిది. రెండూ కలగలిసిపోతాయి, ఏమీ అనుకోవద్దు.

పాట పుట్టుక తెలిస్తే మీ రెండో ప్రశ్నకి చాలా వరకు జవాబు దొరుకుతుంది. దీన్ని రాసింది జడ్ ఫ్రీడ్‌మన్, అలన్ రిచ్ అనే జోడీ. ఫ్రీడ్‌మన్ ట్యూన్ మనిషి, రిచ్ మాటల మనిషి. 1990లో జేమ్స్ ఇంగ్రమ్ పాడగా అమెరికాలో నంబర్ వన్ అయిన ‘ఐ డోంట్ హావ్ ద హార్ట్’ కూడా వీళ్ళదే. అవతలి మనిషి మంచిది, నన్ను ప్రాణంగా ప్రేమిస్తోంది, నాకే ఆ మనసు రావడం లేదు, ఆ మాట ఎలా చెప్పను అని నలిగిపోయేవాడి పాట అది. అంటే విడిపోవడాన్ని అరుపులూ శాపనార్థాలూ లేకుండా రాయడంలో వీళ్ళకి అప్పటికే చెయ్యి తిరిగింది.

‘బాడీగార్డ్’ కోసం కూడా వీళ్ళు మొదట రాసింది విడిపోయే పాటే. తీరా షూటింగ్ దగ్గరపడ్డాక దర్శకుడు మిక్ జాక్సన్ నుంచి కబురొచ్చింది: విడిపోయే పాట అక్కర్లేదు, ప్రేమ పాట కావాలని. మళ్ళీ కూర్చుని సాహిత్యం మార్చారు. ఇప్పుడు మనం వినేది అలా మారిన పాట.

మన సినిమాలు చూసేవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. ఒకే ట్యూన్‌కి ఫస్టాఫ్‌లో హుషారు వెర్షన్, సెకండాఫ్‌లో శాడ్ వెర్షన్ పెట్టడం మనకి ఎప్పటినుంచో ఉన్నదే. కాకపోతే మన దగ్గర సందర్భం మారితే హంగు కూడా మారుస్తారు. టెంపో తగ్గిస్తారు, తబలా తీసేసి ఫ్లూట్ పెడతారు, గాయకుడు గొంతు కాస్త బరువు చేస్తాడు. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. శాడ్ వెర్షన్ ముందు పుట్టింది. మాటలు ప్రేమ వైపు తిరిగాయి గానీ పాటకి హుషారు ఎక్కించే ప్రయత్నం ఎవరూ చేయలేదు. అందుకే మాట ప్రేమని అడుగుతుంటే, పాట నడక మాత్రం ప్రేమ చేజారిపోయినవాళ్ళ నడకలా ఉంటుంది. నా దృష్టిలో ఈ పాట ప్రాణమంతా ఆ పొంతన కుదరకపోవడంలోనే ఉంది. వెనకబడటానికి ఒక కారణం కూడా అదే.

మాటలు చూద్దాం. లైన్లు ఎత్తిరాయను, భావం చెబుతాను. మొదటి చరణంలో ఆమె అంటుంది: నువ్వు నన్ను చూస్తున్నావు గానీ నీకు కనబడనిది చాలా ఉంది, కాస్త ఓపిగ్గా చూస్తే అప్పుడప్పుడూ భయపడే ఒక ఆడపిల్ల కనబడుతుంది. పల్లవిలో కోరిక బయటపడుతుంది: నీ దగ్గరికి పరుగెత్తుకు రావాలనుంది, నన్ను పట్టుకో, కాపాడు. ఇక్కడిదాకా మామూలు ప్రేమ పాటే. అయితే పల్లవి అక్కడితో అయిపోదు. నేను నిజంగా వస్తే నువ్వు ఉంటావా, పారిపోతావా అని అడిగి ఆగుతుంది. ప్రతి పల్లవీ ఆ అనుమానంతోనే ముగుస్తుంది. పాట మొత్తం కూడా అక్కడే ముగుస్తుంది, జవాబు రాదు. ప్రేమ పాటలో ఇలాంటి ముగింపు అరుదు. అవతలి మనిషి వెళ్ళిపోతాడని ముందే సగం నమ్మేసిన గొంతు అది.

రెండో చరణం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను పాఠం అక్కడినుంచే మొదలుపెడతాను. పగలంతా అన్నీ తన చేతిలో ఉన్నట్టు వేషం వేస్తానంటుంది. రాత్రి ఇంటికొచ్చి తాళంచెవి తిప్పుతుంది. లోపల ఎవరూ ఉండరు. అంతే. కన్నీళ్ళు, వాన, విరిగిన గుండె ఏవీ లేవు. తాళం తీయడం ఒక్కటే ఉంది. హైదరాబాదులో అద్దె గదిలో ఒంటరిగా ఉంటూ ఉద్యోగం చేసుకునే అమ్మాయికి ఈ లైన్ విడమరచి చెప్పక్కర్లేదు. సినిమాలో విట్నీ వేసిన రేచెల్ మారన్ అనే గాయని పాత్ర పెద్ద స్టార్. ఇంటినిండా పనివాళ్ళు, మేనేజర్లు, బాడీగార్డులు. ఆ పాత్ర నోట ఖాళీ ఇంటి తాళం గురించి పలికించడంలోనే అలన్ రిచ్ పనితనం ఉంది.

ఇప్పుడు దీన్ని ఆల్బమ్‌లోని మిగతా రెండు పెద్ద బల్లాడ్‌ల (నెమ్మదిగా సాగే ప్రేమ పాటల) పక్కన పెట్టి చూడండి. ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’లో నిర్ణయం అయిపోయింది. నేను వెళుతున్నాను, నువ్వు చల్లగా ఉండు అని దీవించి బయలుదేరే పాట. బాధ ఉంది, గందరగోళం లేదు. ‘ఐ హావ్ నథింగ్’లో నువ్వు లేకపోతే నాకేమీ లేదు అని అడిగే తీరులోనే ఒక పట్టుదల, దాదాపు దబాయింపు ఉంటాయి. రెండింటిలోనూ పాడే మనిషి నిటారుగా నిలబడి ఉంటుంది. ‘రన్ టు యూ’లో అలా లేదు. ఇంకా గడప దాటలేదు, దాటాలో వద్దో తెలియదు. స్టేజి మీద చప్పట్లు తెచ్చిపెట్టేది నిటారుగా నిలబడిన పాటే. ఇది చప్పట్ల పాట కాదు.

ఎందుకు వెనకబడిందో తేదీలు, అంకెలు కొంత చెబుతాయి. సినిమా 1992 నవంబర్ 25న విడుదలైంది, ఆల్బమ్ అంతకు వారం ముందే, నవంబర్ 17న. డాలీ పార్టన్ 1974లో విడుదల చేసిన పాటని విట్నీ తిరిగి పాడిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ అమెరికాలో 14 వారాలు నంబర్ వన్‌గా కూర్చుంది. ఆల్బమ్ 20 వారాలు మొదటి స్థానంలో ఉంది. ప్రపంచవ్యాప్తంగా 4.5 కోట్ల కాపీలు అమ్ముడైందని చెబుతారు. తర్వాత ‘ఐయామ్ ఎవ్రీ వుమన్’, ‘ఐ హావ్ నథింగ్’ సింగిల్స్‌గా (ఆల్బమ్ నుంచి విడిగా అమ్మే పాటలుగా) వచ్చి రెండూ 4వ స్థానం దాకా వెళ్ళాయి. ‘రన్ టు యూ’ సింగిల్‌గా వచ్చేసరికి 1993 జూన్. కొనేవాళ్ళంతా ఆల్బమ్ కొనేసి ఏడు నెలలవుతోంది. ఇంట్లో ఉన్న పాట కోసం మళ్ళీ డబ్బులెవరు పెడతారు? అమెరికాలో 31వ స్థానంతో ఆగిపోయింది. బ్రిటన్‌లో కాస్త నయం, 15 దాకా వెళ్ళింది. ఒకే సినిమా నుంచి వరసగా దిగుతున్న పాటలకి రేడియోవాళ్ళు కూడా అలసిపోయి ఉంటారని నా ఊహ.

సినిమాలో దొరికిన చోటు కూడా కలిసిరాలేదు. ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ క్లైమాక్స్ పాట. విమానాశ్రయంలో వీడ్కోలు, ఆగిన విమానం, ఆమె పరుగు, ఆ వెంటనే ఆ పాట. థియేటర్ నుంచి బయటికొచ్చేవాడి చెవిలో అదే మోగుతూ ఉంటుంది. ఆ చోటుకి మొదట అనుకున్నది వేరే పాట, 1966లో జిమ్మీ రఫిన్ పాడిన ‘వాట్ బికమ్స్ ఆఫ్ ద బ్రోకెన్‌హార్టెడ్’. అది అప్పటికే ఇంకో సినిమాలో వాడేశారని తెలిసి పక్కన పెట్టారు. 1975లో లిండా రాన్‌స్టాట్ పాడిన వెర్షన్ ద్వారా డాలీ పార్టన్ పాటని తీసుకొచ్చింది హీరో, నిర్మాతల్లో ఒకడైన కెవిన్ కాస్ట్‌నర్. వాద్యాలేవీ లేకుండా ఒట్టి గొంతుతో మొదలుపెట్టమని పట్టుబట్టిందీ ఆయనే. అంత బలమైన వీడ్కోలు దొరికాక సినిమాకి ఇంకో వీడ్కోలు పాట బరువే అయ్యేది. ‘రన్ టు యూ’ సినిమా మధ్యలో, రేచెల్ బాడీగార్డు ఫ్రాంక్ (కాస్ట్‌నర్ వేసిన పాత్ర) ఆమె వీడియో చూస్తూ కూర్చున్నప్పుడు వినిపిస్తుంది. మంచి సన్నివేశమే. ఎప్పుడూ కళ్ళు చుట్టూ తిప్పుతూ ప్రమాదం కోసం వెతికే మనిషి మొదటిసారి ఆమెని చూడటం కోసమే చూస్తాడు. అయినా క్లైమాక్స్ క్లైమాక్సే.

ఆస్కార్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’కి నామినేషనే రాలేదు, రాదు కూడా. సినిమా కోసమే రాసిన పాట అయి ఉండాలన్నది ఆస్కార్ నియమం. కాబట్టి 1993 మార్చి 29 నాటి వేడుకలో ‘బాడీగార్డ్’ తరఫున ‘ఐ హావ్ నథింగ్’, ‘రన్ టు యూ’ నిలబడ్డాయి. విట్నీకి ఆ నెల మొదట్లోనే పాప పుట్టింది. ఆ రాత్రి రెండు పాటలనీ స్టేజి మీద పాడింది నటాలీ కోల్. గెలిచింది మాత్రం ‘అలాద్దీన్’లోని ‘ఎ హోల్ న్యూ వరల్డ్’. ఒకే సినిమాకి రెండు నామినేషన్లు వచ్చి ఓట్లు చీలిపోయాయని అభిమానులు ఇప్పటికీ వాదిస్తారు. నేనొప్పుకోను. ‘అలాద్దీన్’కీ ఆ ఏడాది రెండు నామినేషన్లున్నాయి, ‘ఫ్రెండ్ లైక్ మీ’తో కలిపి. చీలితే అక్కడా చీలాలి. ఆ ఏడు జనం నోట ఎక్కువగా ఉన్న పాటకి వచ్చింది, అంతే.

సరే, పాడటం సంగతికి వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే.

నిర్మాత డేవిడ్ ఫోస్టర్ పాటల్ని ఎలా నిర్మిస్తాడో తెలిసినవాళ్ళకి ఈ పాట ఆకారం కొత్తగా ఉండదు. చరణాలు కింది గొంతులో, దాదాపు మాట్లాడుతున్నట్టు నడుస్తాయి. వెనక కీబోర్డు మెత్తగా పరిచి ఉంటుంది. పల్లవిలో గొంతు పైకి లేస్తుంది. రెండో చరణం అయ్యాక, తోడు లేనప్పుడు కలల వెంట పడటంలో అర్థమేముంది అని అడిగే మలుపు వస్తుంది. ఆ తర్వాత కన్నీళ్ళు తుడవడానికి నువ్విక్కడ ఉండాలి అనే చోట పాట శిఖరం. అందరూ ఎదురుచూసే పెద్ద గొంతు అక్కడ వస్తుంది. ఆ శిఖరం తర్వాత పల్లవి మళ్ళీ తిరిగొచ్చి, ఆ అనుమానం దగ్గరే పాట అయిపోతుంది.

పిల్లలు చేసే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. పెద్ద గొంతు వచ్చే చోటు కోసం ఆత్రపడి చరణాలని గబగబా దాటేస్తారు. విట్నీ పాటంటే అరుపు అనే అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది. టీవీ పోటీలు దాన్ని ఇంకా ముదిరించాయి. ఈ రికార్డింగు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి వినండి. మొదటి చరణంలో ఆమె తన గొంతులో ఎంత భాగం వాడుతుందో చూడండి. చాలా కొద్దిగా. వాక్యం చివర గాలి కలిపి వదిలేస్తుంది, గట్టిగా మూయదు. ధైర్యం లేదని చెప్పే మాటని నిండుగొంతుతో పాడితే ఎవరు నమ్ముతారు? అంత గొంతు ఉండీ వాడకపోవడం చాలా కష్టమైన పని. నాకు ఆ చివరి భాగపు కేకకన్నా ఈ చరణమే గొప్పగా అనిపిస్తుంది. అలా అన్నందుకు క్లాసులో పిల్లలు నన్ను విచిత్రంగా చూస్తారు, అది వేరే సంగతి.

రెండోది, కర్ణాటక సంగీతం కొన్నేళ్ళు నేర్చుకున్న అమ్మాయైతే (మీరు చెప్పలేదు గానీ మన ఇళ్ళలో చాలామంది నేర్చుకుంటారు కదా) ఒక చిక్కు వస్తుంది. నిలబెట్టాల్సిన స్వరాన్ని కూడా అలవాటు కొద్దీ ఊపేస్తారు. గమకం మనకి అలంకారం కాదు, స్వరానికి ప్రాణం. కానీ విట్నీది చర్చి పాటల దారి. న్యూవార్క్‌లోని న్యూ హోప్ బాప్టిస్ట్ చర్చిలో, తల్లి సిస్సీ హ్యూస్టన్ నడిపిన గాయక బృందంలో పెరిగిన గొంతు అది. ఆ పద్ధతిలో విసిరే సంగతులు మెట్లు దిగినట్టుంటాయి, ఒక్కో స్వరం విడివిడిగా వినబడాలి. మన గమకంలా ఒకదానిలోంచి ఇంకోదానిలోకి జారకూడదు. దీనికి మందు ఒకటే. ఆ సంగతిని కీబోర్డు మీద ఒక వేలితో, చాలా నిదానంగా వాయిస్తూ దాంతోపాటు పాడటం. ఒక్కో మెట్టూ విడిగా తెలిశాక వేగం పెంచుకోవచ్చు. సరళీ స్వరాలు మూడు కాలాల్లో సాధన చేసిన పిల్లలకి ఇది తొందరగానే వస్తుంది. అలవాటు మానుకోవడమే కష్టం.

మూడోది ఊపిరి. పల్లవిలో మాటలు ఒకదాని మీద ఒకటి వస్తాయి, మధ్యలో పెద్ద ఖాళీ ఉండదు. పిల్లలు పరుగు మాట దగ్గరికి వచ్చేసరికి గాలి అయిపోయి గొంతు బిగిస్తారు. భుజాలు పైకి లేచాయంటే గాలి ఛాతీ పైభాగంలోనే ఆగిందని అర్థం. అద్దం ముందు నిలబెట్టి పాడించండి, భుజాలు లేస్తే ఆపించండి. ఎక్కడెక్కడ ఊపిరి తీసుకోవాలో కాగితం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. ఒకసారి పెట్టాక స్టేజి మీద టెన్షన్‌లో కూడా దాన్ని మార్చకూడదు.

ఇక శ్రుతి. చాలామంది తల్లిదండ్రులు ఒరిజినల్ శ్రుతిలోనే పాడాలని పట్టుబడతారు, తగ్గిస్తే ఏదో పరువు పోయినట్టు. విట్నీ ఆ పాట రికార్డు చేసేనాటికి ముప్పైకి దగ్గరలో ఉంది, చిన్నప్పటినుంచీ చర్చిలో పాడిన గొంతు. పద్దెనిమిదేళ్ళ పిల్ల గొంతు ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. ఒకటిన్నర, రెండు మెట్లు దించుకుంటే తప్పేమీ లేదు. కాకపోతే ఎక్కువ దించితే చరణాలు మరీ అడుగుకి పోయి మైకులో వినబడవు. కాబట్టి పై భాగం చూసి కాదు, చరణం చూసి శ్రుతి నిర్ణయించండి. చరణం సుఖంగా, స్పష్టంగా పలికే శ్రుతి ముందు తేల్చుకుని, అందులో ఆ శిఖరం అందుతుందా అని తర్వాత చూడండి. అందకపోతే ఆ రెండు లైన్లూ కొంచెం మార్చి పాడుకోవచ్చు, ఎవరూ కేసు పెట్టరు.

ఈ పాటని విట్నీ జీవితానికి అంటగట్టి రాసే వ్యాసాలు మీకు చాలా కనబడతాయి. నాకు ఆ పద్ధతి పెద్దగా నచ్చదు. పాట ఆమె రాసింది కాదు, మాటలు ఇంకొకరివి, సందర్భం సినిమాది. 2012 ఫిబ్రవరిలో ఆమె చనిపోయాక వెనక్కి తిరిగి ప్రతి పాటలోనూ జోస్యం వెతికారు. కానీ ఒక్క విషయం మాత్రం పక్కన పెట్టలేను. అదే న్యూ హోప్ చర్చిలో జరిగిన అంత్యక్రియల్లో కెవిన్ కాస్ట్‌నర్ మాట్లాడాడు. ‘బాడీగార్డ్’ స్క్రీన్ టెస్ట్ రోజు ఆమె ఎంత భయపడిందో చెప్పాడు. మేకప్‌వాళ్ళు వేసింది చాలదనుకుని, మ్యూజిక్ వీడియోల్లో వేసుకునే చిక్కటి మేకప్ తనే వేసుకుని వచ్చిందట. లైట్ల వేడికి అది కరిగి మొహం మీద కారిపోయిందట. అప్పటికే ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న గాయని. నేను సరిపోతానా, బాగున్నానా, వీళ్ళకి నచ్చుతానా అన్న అనుమానం ఆమెని ఎప్పుడూ వదల్లేదని ఆయన చెప్పాడు. అది విన్నాక మొదటి చరణంలో అప్పుడప్పుడూ భయపడే ఆ ఆడపిల్ల గొంతు నాకు నటనలా వినబడటం లేదు. పాట ఆమె గురించి రాసింది కాకపోవచ్చు. ఆ లైన్‌ని ఎలా పలకాలో మాత్రం ఆమెకి ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

ఇంకో ముచ్చట చెప్పి ఆపుతాను. 2012 డిసెంబర్‌లో లండన్‌లోని అడెల్ఫీ థియేటర్‌లో ‘బాడీగార్డ్’ని నాటకంగా వేశారు, రేచెల్‌గా హెదర్ హెడ్లీ. అందులో ‘రన్ టు యూ’ని ఒక్కరు పాడరు. రేచెల్, ఆమె అక్క నిక్కీ ఇద్దరూ కలిసి పాడతారు. ఇద్దరి మనసూ ఫ్రాంక్ మీదే. దొరకబోయేది ఒకరికే. అదే పల్లవిని నిక్కీ గొంతులో వింటుంటే అది ప్రేమ పాటలా ఉండదు. ఫ్రీడ్‌మన్, రిచ్ మొదట రాద్దామనుకున్న పాట ఇరవై ఏళ్ళకి, ఒక్క మాట అటూ ఇటూ చేయకుండా, మళ్ళీ బయటికి వచ్చినట్టు అనిపిస్తుంది. దాని రికార్డింగ్ దొరుకుతుంది. మీ అమ్మాయికి వినిపించండి, విట్నీది బాగా నలిగాక.

పోటీకి ఇది సరైన పాటేనా అంటే, నిజం చెబుతాను. గెలుపే ముఖ్యమైతే ‘ఐ హావ్ నథింగ్’ తీసుకోమనండి. జడ్జీలకి తెలుసు, శ్రుతి మారే చోట హాలంతా ఈలలు వేస్తుంది. ‘రన్ టు యూ’కి ఆ లాభాలేవీ లేవు. కానీ జడ్జీల్లో ఒక్కరైనా పాడేవాళ్ళు ఉంటే రెండో చరణం దగ్గర తల ఎత్తి చూస్తారు. మీ అమ్మాయికి ఏది కావాలో తననే తేల్చుకోనివ్వండి.

ఒకవేళ ఇదే పాడతానంటే, ఆ రెండో చరణం మాత్రం ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. పల్లవి వద్దు, ట్రాక్ కూడా వద్దు, ఒట్టి గొంతు చాలు. అది విన్నాక ఏ శ్రుతిలో పాడితే బాగుంటుందో చెబుతాను.